కాకిలంక టవరు తలుపు

లక్ష్మీతులసి చిన్నప్పటినుంచీ భయస్తురాలే. పడవ కాస్త ఒరిగితే చాలు, తండ్రి పంచె అంచు పట్టుకుని కళ్ళు మూసేసుకునేది. అలాంటి పిల్ల కాకినాడలో డిప్లొమా చదివి, అమలాపురంలో ఒక సెల్‌ఫోన్ కంపెనీ కంట్రోల్ రూములో ఉద్యోగానికి కుదిరిందంటే కాకిలంకలో అందరూ వింతగా చెప్పుకున్నారు.

ఆమె పని అలారాలు చూడడం. కోనసీమలో ఆ కంపెనీకున్న డెబ్బై రెండు టవర్లలో ఎక్కడ ఏ తేడా వచ్చినా ఆమె ఎదుట కంప్యూటర్ తెర మీద ఒక వరస పడుతుంది. కరెంటు పోతే పసుపు, జనరేటర్ ఆగితే నారింజ, టవర్ పూర్తిగా మూగబోతే ఎరుపు. వరస పడగానే చూసినట్టు గుర్తు పెట్టాలి, టెక్నీషియన్‌కి ఫోన్ చేయాలి, బాగయ్యాక కారణం రాయాలి. ఎరుపు పడ్డప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది. రెండేళ్ళయినా అలవాటు కాలేదు.

ఆ టవర్లలో ఒకటి సొంత ఊరైన కాకిలంకలోనే ఉంది. గోదావరి మధ్య ఆ లంకకి పడవ తప్ప దారి లేదు. తులసి తండ్రి నూకరాజు వేట మానేసి ఆ టవర్ దగ్గర కాపలాకి కుదిరాడు. జనరేటర్‌లో డీజిల్ పోయడం, యంత్రాల గది తాళం చూసుకోవడం ఆయన పని. వానాకాలం రాగానే ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. బయట ఎండని రొయ్యలు యంత్రాల వెనక వచ్చే వెచ్చటి గాలికి చక్కగా ఎండుతున్నాయి. వాసన పోవడానికి మాటిమాటికీ తలుపు తీసి వేసేవాడు. ఆ తలుపుకి ఒక స్విచ్ ఉంది. తీసిన ప్రతిసారీ అమలాపురంలో కూతురి ముందు ఒక వరస పడేది.

"నాన్నా, ఇయ్యాల ముప్పై నాలుగుసార్లు తలుపు తీసేవు. నువ్వు తీసినప్పుడల్లా నా ముందు పడతంది తెలుసా?" అంది ఒకరోజు ఫోన్లో.

"ఓర్నాయనో! అక్కడ కూకుని నా తలుపు లెక్కెడతన్నావేటే?"

"నేను కాదు, హైదరాబాదోళ్ళు లెక్కెడతన్నారు. ఎందుకని అడుగుతున్నారు."

"అయితే ఆళ్ళకీ నాలుగు రొయ్యలు అంపిద్దాం."

ఆయనకి నవ్వులాట. ఆమెకి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హైదరాబాదు నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే తండ్రి ఉద్యోగం పోతుంది. మర్నాడు ఎవరూ చూడకుండా కాకిలంక తలుపు అలారాన్ని దాచిపెట్టే జాబితాలో వేసేసింది. అందులో వేసిన అలారం వస్తూనే ఉంటుంది, తెర మీద మాత్రం కనబడదు. కారణం రాసే చోట 'తలుపు స్విచ్ చెడిపోయింది' అని రాసింది. స్విచ్ మార్చడానికి పడవెక్కి ఎవరు వెళతారు? ఎవరూ అడగలేదు. తండ్రికి కూడా చెప్పలేదు.

అది 2006. ఆగస్టులో వరద వచ్చింది. ఆదివారం సాయంత్రం లంకలో జనాన్నంతా పడవల్లో గట్టుకి చేర్చి బడుల్లో దించారు. అమలాపురం నుంచి వచ్చి బడి దగ్గర చూస్తున్న తులసికి తల్లి వీరాయమ్మ కనబడింది. "మీ నాన్న డీజిల్ డబ్బాలు పైకెట్టి ఎనక పడవలో వత్తానన్నాడు" అని చెప్పింది. వెనక పడవ చీకటి పడ్డాక వచ్చింది. అందులో ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కలేదో ఆ వానలో ఎవరూ చూసుకోలేదు. ఇంకో బడిలో దిగి ఉంటాడనుకుని తులసి మర్నాడు ఆరింటికి డ్యూటీకి వచ్చేసింది.

తెర నిండా వరసలే. ఏడుంపావుకి కాకిలంక జనరేటర్ ఆగింది. నీళ్ళు జనరేటర్ దాకా వచ్చాయన్నమాట. ఇక టవర్ బ్యాటరీల మీద నడుస్తోంది.

పదిగంటలకి ఎవరి ఫోన్ నుంచో తల్లి చేసింది. "తులసా, ఇస్కూళ్ళన్నీ తిరిగొచ్చేనే. మీ నాన్న ఎక్కడా లేడు."

తండ్రి నంబర్ కొట్టింది. స్విచాఫ్. మళ్ళీ కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, తను దాచిన తలుపు.

వెతికే పేజీ తెరిచి కాకిలంక పేరు కొట్టింది. నిన్న సాయంత్రం నుంచి అన్నీ, దాచినవి కూడా చూపించమంది. కాసేపు తెర తెల్లగా ఉండిపోయింది. తర్వాత వరసలు దిగడం మొదలెట్టాయి. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. తెరుచుకుంది, మూసుకుంది. తెరుచుకుంది, మూసుకుంది. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. మళ్ళీ మూడుసార్లు. మళ్ళీ ఇరవై నిమిషాలు. మళ్ళీ మూడు.

కాకిలంక జాలర్లకి ఒక కట్టుబాటు ఉంది. మంచులో పడవ ఇసుకమేటలో ఇరుక్కుంటే పడవచెక్క మీద తెడ్డుతో మూడేసి దెబ్బలు కొడతారు. కాసేపాగి మళ్ళీ మూడు. అది విన్నవాడు వల నీళ్ళలో వదిలేసైనా రావాలి.

మొదటి మూడూ ఎప్పుడు పడ్డాయో చూసింది. ఆరు దాటి రెండు నిమిషాలకి. కూతురు ఆరింటికి కుర్చీలో కూర్చుంటుందని ఆయనకి తెలుసు. నాలుగు గంటలుగా పిలుస్తున్నాడు. ఆ నాలుగు గంటల్లో తను రెండుసార్లు టీ తాగింది.

సూపర్‌వైజర్ మాణిక్యాలరావు గారు పక్కగదిలో ఫోన్లతో సతమతమవుతున్నారు. ఆమె వెళ్ళి నిలబడింది.

"సార్, కాకిలంకలో మా నాన్న ఉండిపోయేరండీ. తలుపు తీసి పిలుస్తున్నారు."

"లంకలన్నీ ఖాళీ అయిపోయినయ్యని మండలాఫీసువాళ్ళు చెప్పేరు కదమ్మా. అయినా ఆ స్విచ్ పాడైందని నువ్వే రాసేవు. గాలికి కొట్టుకుంటుందేమో."

"పాడవలేదండీ."

"మరి?"

"నేనే అబద్ధం రాసేనండీ. దాచేసేను."

ఆయన ఫోన్ కింద పెట్టారు. "ఎందుకు?"

"రొయ్యలండీ," అంది. ఆ మాట అనగానే ఏడుపొచ్చేసింది.

ఆయన తిట్టలేదు. వచ్చి తెర చూశారు. మూడు, మూడు, మూడు. "గాలి లెక్కపెట్టదు కదా," అని తనలో తనే అనుకుని మండలాఫీసుకి ఫోన్ చేశారు. పావుగంట వాదించాక వాళ్ళు ఒక మోటారు పడవ పంపడానికి ఒప్పుకున్నారు. దారి తెలుసునని టెక్నీషియన్ గంగబాబుని అందులో ఎక్కించారు. గంటన్నర పడుతుందన్నారు.

ఇక ఆమె చేయగలిగింది లేదు. ఇటునుంచి అటు ఒక్క మాట పంపే వీలు లేదు. ఆ తెర మీద కనబడుతుంది, అంతే. పదిన్నర దాటాక మూడు పడ్డాయి. పదకొండుకి ముందు మూడు. పదకొండుంపావుకి మూడు. పడ్డ ప్రతిసారీ ఊపిరి పీల్చుకునేది. తర్వాతవి పదకొండూ ముప్పై ఏడుకి మొదలయ్యాయి. ఒకటి, రెండు. మూడోది రాలేదు.

నిమిషం చూసింది. రెండు నిమిషాలు చూసింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. పదకొండూ నలభై ఆరుకి కాకిలంక వరస ఎర్రగా మారింది. యంత్రాల గదిలోకి నీళ్ళు వచ్చి బ్యాటరీలు పోయాయి. టవర్ మూగబోయింది. ఆ తర్వాత కాకిలంక పేరు ఎన్నిసార్లు కొట్టి వెతికినా అదే ఎర్ర వరస, అదే టైము.

ఆ గంట ఎలా గడిచిందో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. మిగతా డెబ్బై ఒక్క టవర్ల అలారాలూ మాణిక్యాలరావు గారే చూసుకున్నారు.

పన్నెండూ యాభైకి గంగబాబు ఫోన్. మోటారు చప్పుడులో మాట సరిగా వినబడలేదు. "...ఉన్నారండీ! టవరు నిచ్చెన మీదున్నారు. దిగమంటే ముందు సంచీ అందుకోమంటన్నారండీ!"

"ఏం సంచీ?"

"ఎండు రొయ్యలండీ, ఆయ్!"

ఆ సాయంత్రం బడి వరండాలో దుప్పటి కప్పుకుని నూకరాజు చుట్టూ చేరినవాళ్ళకి చెబుతున్నాడు. జనరేటర్ కాపాడబోతే వెనక పడవ దాటిపోయిందట, ఫోన్ నీళ్ళలో పడిందట. పొద్దున్నించీ మూడేసిసార్లు తలుపు తీసి వేస్తూనే ఉన్నాడట. ఆఖర్న మూడోసారికి నీళ్ళు నెట్టేసి తలుపు రాలేదట.

"బయ్యం వెయ్యలేదా మావా?" అని ఎవరో అడిగారు.

"నాకేటి బయ్యం! మా అమ్మాయి ఆరింటికాడ్నించీ సూత్తానే ఉంది గదా."

తులసి అక్కడే నిలబడి ఉంది. వీరాయమ్మ తెచ్చిన గ్లాసు అందుకుని తండ్రికి ఇచ్చింది. దుప్పటి మీద ఒలికిన కాఫీ కొంగుతో తుడిచింది.

తర్వాత హైదరాబాదు నుంచి మెమో వచ్చింది. ఆమె సంతకం పెట్టింది. ఉద్యోగం పోలేదు, మాణిక్యాలరావు గారు అడ్డుపడ్డారని తర్వాత తెలిసింది. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కుర్చీలో కూర్చోగానే ముందు దాచిన జాబితా తెరిచి చూసేది.

నూకరాజు ఆ కథ వచ్చిన చుట్టాలందరికీ చెబుతాడు. చెప్పినప్పుడల్లా ఆమె ఏదో పని పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఒక్కసారి మాత్రం ఆయన వెనకే వచ్చి అడిగాడు.

"అది సరేగానీ తులసా, ఆరింటికే సూసేవు గదా. పడవ రావడం మరంత ఆలీసం ఎందుకైందే?"

ఆమె పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించింది.

"వరద కదా నాన్నా," అంది.