పక్క వెలుతురులో పట్టుచీర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పొద్దున బెంగళూరు నుంచి ఒకావిడ పెట్టిన మెసేజ్ చూడగానే అది నెత్తికెక్కింది. "ఇది మరమగ్గం చీరలా ఉంది, నాకొద్దు" అని రాసింది.

ఆ చీర మా మామ నేసింది. ధర్మవరంలో మా అత్తింట్లో, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేసే గుంట మగ్గం మీద, ఎవరూ ఆర్డరివ్వకుండా, తన ఇష్టం కొద్దీ రంగులు ఎంచుకుని నేశాడు. నిలువు పోగులు ఎరుపు, అడ్డపోగులు ఆకుపచ్చ. అలాంటి రంగులకు గిరాకీ లేదని, మా చీరలు కొనే షావుకారు ముందే పెదవి విరిచాడు. ఇదొక్కటి అమ్ముడుపోకపోతే ఇకమీదట షావుకారు చెప్పిన రంగులే నేస్తానని మామ అనేశాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

చీరలకు ఫోటోలు తీసి అమ్మడం నా పని. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ పక్కన పెరిగినదాన్ని, పట్టు గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకునేదాన్ని. రీల్స్ చూసి రింగ్ లైట్ కొన్నాను. చీర మడతపెట్టి, ఆ లైటు సరిగ్గా ఎదురుగా పెట్టి తీశాను. రెండు రంగులూ కలిసిపోయి కాఫీపొడిలా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా ఫోన్ మీదికి నెట్టాను.

మెసేజ్ మామకు చెప్పక తప్పలేదు. ఫోటో చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, మగ్గంలో కూర్చుంటే నాకు ఎలుతురు యాడ నుంచి వస్తాది?"

"కిటికీలో నుంచి మామా."

"ఆ కిటికీ యాడుండాది?"

ఎడమ పక్కన, నేలకు జానెడు ఎత్తులో. రోజూ దాని ముందు ఊడుస్తాను. అంత కిందకు ఎందుకు పెట్టారని ఒక్కనాడూ అడగలేదు.

"ఎదురుగా ఎలుతురు పడితే పోగు పండుకుంటాది. పక్క నుంచి పడితే లేసి నిలబడతాది. యాడ తెగినా మాకు అట్లే తెలుస్తాది."

పీట తెచ్చి కిటికీ పక్కన వేసి, చీరను తానే మడతపెట్టాడు. నేను ఫోన్ పట్టుకుని వంగాను. మడత గట్టు మీద ఎరుపు, లోపలి వంపులో ఆకుపచ్చ. పీట కొంచెం తిప్పితే రంగులు చోట్లు మార్చుకున్నాయి. జరీ పువ్వులు ఒక్కొక్కటీ పైకి తేలాయి. చీర అదే, ఫోన్ అదే. నా లైటు మీద మోజంతా ఆ నిమిషంలోనే పోయింది.

అయితే అంచు దగ్గర, తెగిన పోగును ముడేసిన చోటు కూడా స్పష్టంగా కనిపించింది. గబుక్కున ఆ మడత కిందికి తిప్పబోయాను.

"దాయొద్దమ్మా. చెయ్యి చేసిన పని, చెయ్యి చేసినట్టే కనపడనీ."

ముడి కనపడేలాగే ఫోటో తీసి, ఎందుకైనా మంచిదని మనసులో ఒక దండం పెట్టుకుని ఆ బెంగళూరు ఆవిడకే పంపించాను. మధ్యాహ్నం భోజనాలవేళ జవాబొచ్చింది. మామకు గట్టిగా చదివి వినిపించాను.

"అంచులో ముడి చూశాక చేత్తో నేసిందేనని నమ్మకం కుదిరింది. చీర నాకే ఉంచండి. నేసినాయన పేరేమిటి?"

నలభై ఏళ్లుగా మగ్గంలో కూర్చున్న మనిషిని ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మామ చేతిలోని ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

"ఆ పేరు మాట ఇంకొకసారి సదువమ్మా" అన్నాడు.