వదిన మీద సరిచూసిన ప్రశ్నలు

పీజీ రెండో ఏడాదిలో పరిశోధన ప్రతిపాదన రాయడం అనే గండం ఒకటి ఉండేది మాకు. నేను చదివింది క్లినికల్ ఇమ్యునాలజీ. మనల్ని కాపాడాల్సిన రక్షణ శక్తే ఒక్కోసారి మన ఒంటి మీద తిరగబడుతుంది, అలాంటి జబ్బుల చదువు. నేను డాక్టర్ని కాదు, రక్తపరీక్షల వెనక పనిచేసే మనిషిని. ఈ ముక్క కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. బస్సు దిగితే చాలు, "డాక్టరమ్మ వచ్చింది" అనేవాళ్లు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

కీళ్ల నొప్పులని వచ్చేవాళ్లలో ఎవరికి ఈ తిరగబడే జబ్బు ఉందో, రక్తపరీక్ష దాకా పోకముందే కొన్ని తెలుగు ప్రశ్నలతో పసిగట్టవచ్చా అన్నది నేను ఎంచుకున్న అంశం. మా గైడ్ మేడం ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. "మీ నల్లగొండ వైపు వాళ్లను తీసుకోకు. ఫ్లోరైడ్ నొప్పులు కలిసిపోతాయి, ఏది ఏదో తేలదు" అన్నారు. సరేనని 'ఎవరిని తీసుకోకూడదు' అనే శీర్షిక కింద మా జిల్లాను నా చేత్తో నేనే రాసేశాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

మా దగ్గర ఏ నొప్పికైనా నేరం నీళ్లదే. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది, బోరు నీళ్లు తాగడం మానేశారు. అయినా నడుం పట్టినా మోకాలు వాచినా "పాత నీళ్లు బొక్కలల్లనే ఉన్నయి" అనేవాళ్లు. నీళ్ల వల్ల ఎముకలు నిజంగానే వంగిపోయిన మనుషుల్ని చూసిన ఊరు. వాళ్లను తప్పు పట్టను.

మా అన్నను చేసుకుని వదిన మా ఇంటికి వచ్చేనాటికి నేను ఏడో తరగతి. అమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. నాకు పేలు దువ్వింది, జడలు వేసింది వదినే. నన్ను చదువు మాన్పించి నిమ్మతోట పనికి తీసుకుపోతానని బాపు అంటే, "కాయలు తెంపెతందుకు నేనున్న గద మామా, పిల్లను సదువుకోనియ్యండి" అని అడ్డం నిలబడింది. మామ ముందు గొంతు పెంచిందని వాడకట్టులో నాలుగు రోజులు చెప్పుకున్నారు. ఆమె లెక్కచేయలేదు.

నేను ప్రతిపాదన రాస్తున్న రోజుల్లోనే ఆమెకు వేళ్లు నొప్పులు మొదలయ్యాయి. నీళ్లు అన్నారు. బుగ్గల మీద ఎర్రగా మచ్చ లేచింది. మంగు అన్నారు. నోట్లో పుండ్లు వస్తే వేడి చేసిందన్నారు, జుట్టు ఊడితే సబ్బును తిట్టారు. ప్రతిదానికీ మా ఇళ్లలో ఒక పేరు ఉంది, ఒక చిట్కా ఉంది. పేర్లు వేరు కావడంతో అదంతా ఒకే జబ్బని ఎవరికీ తట్టలేదు. మిగతా వాళ్లకు తట్టలేదంటే అర్థముంది. నాకేం రోగం?

ప్రశ్నలు తయారయ్యాక, ఊళ్లో ఎవరికైనా చదివి వినిపించి భాష సరిచూసుకురమ్మన్నారు మేడం. ఆదివారం ఇంటికి పోయాను. వదిన తోట నుంచి అప్పుడే వచ్చింది, ముఖం కనపడకుండా తువ్వాల చుట్టుకుని. అరుగు మీద కూర్చోబెట్టాను. ఇవి వైద్యం కోసం అడిగే ప్రశ్నలు కావు, బాధ ఉంటే ఆసుపత్రికి వెళ్లండి అని ముందుగా చదివి సంతకం తీసుకునే కాగితం ఒకటి ఉంటుంది. మనింటి మనిషికి ఇదెందుకని దాన్ని పక్కన పెట్టాను.

"ఉదయం నిద్ర లేవగానే కీళ్లు బిగుసుకుపోవుట కలదా?" అని చదివాను.

వదిన నవ్వింది. "కలదా ఏంది పిల్లా, రేడియోల వార్తలు సదువుతున్నవా?"

"పొద్దుగాల లేవంగనే చేతులు పట్టుకుంటయా అని, వదినె."

"గట్ల అడుగు మరి. పట్టుకుంటయి. చీపురు పట్టరాదు. పొద్దెక్కినంక జర నయమైతది."

నేనేం చేశాను? 'బిగుసుకుపోవుట' కొట్టేసి 'పట్టుకుంటయా' అని రాశాను. అవును అనే గడిలో టిక్కు పెట్టాను. ఎండకు ముఖం మండుతుందా అంటే, "మండవట్టే గీ తువ్వాల" అంది. ప్రశ్న అర్థమైంది అని రాసుకున్నాను. పుండ్లు, జుట్టు, జ్వరం, కాళ్ల వాపు, అన్నిటికీ అవుననే చెప్పింది. నేను చూసిందల్లా ఏ మాట దగ్గర తడబడుతోందనే. మొత్తానికి ఎంతసేపు పట్టిందో ఫోన్లో చూసుకున్నాను. కాగితం పైన 'అభ్యాసం' అని రాసి ఫైల్లో పెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసి పుట్టిన మాటే అయి ఉంటుంది.

"ఇగ అయినట్టేనా?" అంది వదిన.

"అయింది వదినె. మస్తు మంచిగ చెప్పినవు."

ఎంత సంబరపడిందో. ఆ మధ్యాహ్నం కోడి కోయించింది.

ప్రశ్నల భాష బాగా కుదిరిందని మేడం మెచ్చుకున్నారు. ఆరు నెలలు గడిచి ప్రతిపాదన ఎథిక్స్ కమిటీకి వెళ్లే సమయానికి అన్న ఫోన్ చేశాడు. వదిన ముఖం ఉబ్బిందట, ఊపిరి అందడం లేదట. నకిరేకల్‌లో చూపించి అటునుంచి అటే హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకొచ్చాడు. అక్కడ నా వయసు డాక్టరమ్మ ఒకామె మంచం పక్కన నిలబడి ఒక్కొక్కటే అడిగింది. పొద్దున చేతులు పట్టుకునేవా? ఎండకు ముఖం మండేదా? నోట్లో పుండ్లు వచ్చేవా? వదినకు ఆయాసంతో మాట రావడం లేదు. ఆమె బదులు నేనే చెప్పాను. అన్నీ చెప్పాను. అన్నీ నాకు తెలుసు.

లూపస్ అన్నారు, నేను చదివే ఆ తిరగబడే జబ్బుల్లో ఒకటి. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే మందులతో ఆపేవాళ్లమని ఆ డాక్టరమ్మ మామూలుగానే అంది, నా గురించి ఆమెకేం తెలుసు. తొమ్మిదో రోజు వదిన పోయింది.

తర్వాత ప్రతిపాదన వెనక్కి తీసుకుని మళ్లీ రాశాను. మా జిల్లాను కొట్టేసిన వాక్యాన్ని కొట్టేశాను. ఎవరు అవునన్నా ఆరోజే ఆసుపత్రికి పంపాలని చేర్చాను. పని రెట్టింపవుతుందమ్మా అన్నారు మేడం. కానివ్వండి అన్నాను, కొంచెం కటువుగానే. చేతులు కాలాక పట్టుకున్న ఆకులని నాకూ తెలుసు.

అన్నకు ఈ సంగతి చెప్పే ధైర్యం మూడు నెలలకు గాని రాలేదు. తోటలో నిమ్మచెట్లకు పాదులు చేస్తున్నాడు. కాగితం గురించి, టిక్కుల గురించి, అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు రాసుకపోయిన తెల్లారే దవాఖానకు పోదాం పా అన్న, చెల్లె. రానన్నది."

"ఎందుకన్నా?"

"'పిల్ల నా నొప్పులన్ని రాసుకపోయింది. చూసి ఫోన్ల చెప్తది, మందు తెస్తది. గామెకంటె ఎక్కువ ఎరుకనా గా డాక్టర్లకు' అన్నది. ఎన్నిమాట్ల అడిగినా గదే మాట."

"మరి నన్ను అడగలేదేంది?"

"నేనడుగుత అంటె వద్దన్నది. పిల్లకు పరీక్షలున్నయి, తొందర వెట్టొద్దు అన్నది."

ఆ ఆరు నెలలూ వారం వారం నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మొదటి రింగుకే ఎత్తేది. తిన్నవా అని అడిగేది, బాపు సంగతి చెప్పేది, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడేది కాదు. నేను రెండుసార్లు హలో హలో అని, సిగ్నల్ పోయిందనుకుని పెట్టేసేదాన్ని.