ఇంకెంతక్క ఎర్రగీత

మా సైట్‌లో ఆమె అసలు పేరు ఎవరి నోటా వినబడదు. అందరికీ ఆమె ఇంకెంతక్క. మేం కడుతున్నది బడి, మూడంతస్తులు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో కంప్యూటర్‌లో గీతలుగా పెట్టి, వారం వారం వాటిని సరిచెయ్యడం ఆమె ఉద్యోగం. నేను స్టోర్ కీపర్‌ని. సిమెంటు బస్తాల పక్కన నా బల్ల, దానికెదురుగా ఆమె గది. ఈ కథ నేను కాక ఇంకెవరు చెబుతారు?

ఆమెకు ముందున్నాయన కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఫోన్ చేసి "ఎంత శాతం అయింది?" అనేవాడు. అవతలివాడు నోటికొచ్చింది చెప్పేవాడు, ఈయన దాన్నే ఎక్కించేవాడు. కంప్యూటర్‌లో బడి దాదాపు పూర్తయింది గానీ, బయటికొచ్చి చూస్తే సగం గోడలకి ప్లాస్టరింగే లేదు.

ఈమె పద్ధతే వేరు. గురువారం సాయంత్రం హెల్మెట్ పెట్టుకుని మెట్లెక్కుతుంది. అప్పటిదాకా జరిగిందే లెక్క. శుక్రవారం పొద్దున్నే హడావిడిగా నాలుగు టైల్స్ అంటించి "ఇదీ వేసుకోక్కా" అంటే కుదరదు, అది వచ్చే వారానికి. టైల్స్ లారీ దిగితే పని మొదలైనట్టు కాదు, మొదటిది నేలకు అతకాలి. ఎవరైనా శాతాలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి "అయింది సరే, ఇంకెంత?" అంటుంది. అయినదాని గురించి ప్రతివాడూ గొప్పలు పోతాడు. మిగిలినదాని గురించి అడిగితే మాత్రం బుర్ర గోక్కుని నిజం కక్కేస్తాడు. ఇంట్లోనూ ఇదే వరస. వాళ్లాయన వంటింట్లోంచి "కూర అయిపోవచ్చింది" అంటే, హాల్లోంచి "ఇంకెంత?" అని కేక వేస్తుందట.

మా ప్రాజెక్ట్ మేనేజర్ ఆమెకు సొంత బావ, అక్క మొగుడు. సైట్‌లో "సార్" అనే పిలుస్తుంది. "బావా" అందంటే మేమంతా పని ఆపి చెవులు రిక్కిస్తాం.

ఆ గురువారం కరెంటు మేస్త్రి ఎప్పట్లాగే "తొంభై శాతం అయిపోయిందక్కా" అన్నాడు.

"పోయిన నెలా తొంభయ్యేగా! ఇంకెంత?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "మెయిన్ స్విచ్ బోర్డు వస్తేగానీ ఏం చెప్పలేనక్కా."

ఆమె తిన్నగా నా దగ్గరికొచ్చి బోర్డు వచ్చిందా అని అడిగింది. "బీరువా అంత ఉంటుంది, వస్తే నేను బయట కూర్చోవాల్సిందే" అన్నాను. ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. నెల పైనే పడుతుందట. తొందరని మీరెవరూ చెప్పలేదుగా అన్నారట.

అది ఎక్కించేసరికి కరెంటు పని గీత సాగి సాగి, సెలవుల తరవాత బడి తెరిచే రోజును దాటిపోయి ఎర్రబడింది. దాని కింద మొదటి ప్లాన్ తాలూకు సన్నగీత ఎక్కడిదక్కడే ఉంది. పై గీత దాన్ని దాటితేనే ఎరుపు. ఎంత వెనకబడ్డామో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఆలస్యానికి కారణం కూడా పక్కనే రాసి పెట్టింది.

బావగారు వచ్చి చూసి గుడ్లెర్రజేశాడు. మర్నాడే బడి ప్రిన్సిపాల్ వస్తున్నారు.

"ఆ కింద గీతని కూడా ఇటు జరిపెయ్యి. రెండూ కలిస్తే ఎరుపు పోతుంది."

"అది మనం ఇచ్చిన మాట సార్. జరపకూడదు."

"ఒక్క రోజే. ఆవిడ వెళ్లాక మళ్లీ మార్చుకో. నా ఉద్యోగం ఊడితే ఏడ్చేది మీ అక్కే!" ఆ అరుపు మూడో అంతస్తు దాకా వినిపించి ఉంటుంది.

"బావా" అందామె. నేను పెన్ను కింద పెట్టాను. "నువ్వు తిట్టినా పడతాను, అక్క మాట్లాడ్డం మానేసినా పడతాను. నేను మాత్రం జరపను. కావాలంటే నువ్వే జరుపుకో. మౌస్ అదిగో."

ఆయన మౌస్ వంక చూశాడు. ముట్టుకోలేదు. తలుపు దభాలున వేసి వెళ్లిపోయాడు. ఆమె మౌస్ తన వైపు లాక్కుని మిగతా గీతల్లో పడింది. నాకైతే ఆయన మీద ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి తెర ముందు కూర్చున్నారు. ఆవిడకి ఈ గీతల గొడవేమీ అక్కర్లేదు. "సెలవులవగానే పిల్లల్ని ఇక్కడికి తెచ్చేసుకోవచ్చా?" అని సూటిగా అడిగారు.

ఇంకెంతక్క బావగారి వైపు తిరిగింది. ఆ మాట చెప్పాల్సింది మేనేజరు. బావగారు ఎర్రగీత వంక చూశాడు, కిటికీ వంక చూశాడు.

"లేదండీ. ఇంకో నెలన్నర ఆగాలి. కరెంటు పని కాలేదు."

ఇక చీవాట్లు మొదలవుతాయనుకున్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక తాళాల గుత్తి బయటికి తీశారు.

"పాత బడివి ఇవి. అద్దె ఇల్లు కదా, వెళ్లేదారిలో ఇంటాయనకి ఇచ్చేద్దామని తెచ్చాను. రేపే ఎవరో గోడౌన్ పెట్టుకోడానికి అందులో దిగుతున్నారట." గుత్తిని మళ్లీ లోపల వేసుకుని జిప్ లాగారు. "బతికించారు సార్. నాలుగు వందల మంది పిల్లల్ని పెట్టుకుని రోడ్డు మీద పడేదాన్ని."

ఆవిడ గేటు దాటాక బావగారు కుర్చీలో కూలబడ్డాడు. "నిన్న గనక నువ్వు నా మాట వినుంటే..." అని ఆగిపోయాడు. నిన్నటి నా కోపం అప్పుడే పోయింది, పాపం అనిపించింది.

ఇంకెంతక్క ఓదార్చలేదు, దెప్పలేదు. బోర్డు ఫ్యాక్టరీకి ఫోన్ కలిపి, ఆయన చేతిలో పెట్టింది.

"నిన్న నా మీద అరిచినంత గట్టిగా అరవండి సార్" అంది.