తువ్వాలు కింద బేరం

మా మామగారు నలభై ఏళ్ళు నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేశారు. ఆయన బేరం నోటితో ఆడేవారు కాదు. రైతు చేతి మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు నొక్కి ధర చెప్పేవారు. పక్కన పదిమంది నిలబడి చూస్తున్నా ఆ ధర ఇద్దరికే తెలిసేది. కుదిరితే అరచేయి మొత్తం పట్టుకుని గట్టిగా ఒక్క నొక్కు నొక్కి వదిలేవారు. ఆ తువ్వాలు కిందికి ఆడవాళ్ళ చెయ్యి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

మతిమరుపు జబ్బు ముదిరాక ఆయనకి బాత్రూం ఎక్కడుందో గుర్తుండేది కాదు. ఒకసారి కాయలు మగ్గేసిన గదిలో వరిగడ్డి మీదే కానిచ్చేశారు. బుట్టెడు రసాలు పారబోశాం. పంచెలు రోజుకి నాలుగైదు తడిసేవి. అప్పుడే మా ఆడపడుచు మైలవరంలో ఇల్లు కట్టింది. "గృహప్రవేశానికి నాన్నని తీసుకెళ్తే అందరిముందూ పరువు పోతుంది, ఇంట్లోనే ఉంచుదాం" అన్నారు మా ఆయన. మామగారేమో పొద్దున్న లేస్తే, "అమ్మాయింట్లో పాలు పొంగించేది ఎప్పుడమ్మా?" అని అడిగేవారు. నా పేరే మరిచిపోయిన మనిషికి అదొక్కటీ ఎలా గుర్తుందో!

నా నోరు మంచిది కాదు. "మామయ్యగారూ, బాత్రూంకి వస్తోందా?" అని గంటకోసారి వీధి చివరికి వినబడేలా అరిచేదాన్ని. ఎవరైనా వచ్చి కూర్చున్నా అంతే. "లేదమ్మా" అనేవారు తల దించుకుని. ఐదు నిమిషాలకి కుర్చీ కింద మడుగు. "అడిగినప్పుడు చెప్పొచ్చు కదండీ!" అని సణుక్కుంటూ తుడిచేదాన్ని. పైగా భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకుని, పక్కనున్నవాళ్ళ వైపు చెయ్యి చాపడం ఒకటి కొత్తగా మొదలైంది. ఇదేదో పాత యావ అనుకుని, ఆ తువ్వాలు లాక్కుని ఉతికి ఆరేసేదాన్ని.

ఓ మధ్యాహ్నం చాట్రాయి నుంచి ఆయనకి బాగా తెలిసిన పాత రైతు ఒకాయన చూడ్డానికొచ్చాడు. మామగారు తువ్వాలు కప్పి చెయ్యి చాపగానే, ఆయన అలవాటుగా తన చెయ్యి లోపల పెట్టాడు. కాసేపటికి నవ్వుతూ, "ఏంటమ్మా, ఒక్క వేలే పట్టుకుని వదలట్లేదు. ఇదేం ధర?" అన్నాడు. నేనూ నవ్వాను. కాఫీ కలిపి తెచ్చేలోగా పంచె తడిసింది.

ఒక్క వేలు. ఒంటికి వెళ్తామని బళ్ళో పిల్లలు మేష్టారికి చూపించే వేలు. ఇన్నాళ్ళూ ఆయన చెబుతూనే ఉన్నారు. నలుగురిలో అనకూడని మాట కాబట్టి, అలాంటి మాటలు జన్మంతా ఎలా చెప్పారో అలాగే చెప్పారు. వినాల్సిన నేను ఆ తువ్వాలు తీసుకెళ్ళి బకెట్లో పడేశాను. వంటింట్లోకి వెళ్ళి సిగ్గుతో ఏడ్చాను.

మర్నాడు ఆయన తువ్వాలు కప్పుకోగానే పక్కన కూర్చుని నా చెయ్యి లోపల పెట్టాను. ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నారు. కోడలితో బేరమేంటని కాబోలు. రెండు రోజులు అలాగే అయింది. మూడోరోజు టిఫిన్ తిన్నాక నా వేలొకటి మెల్లగా పట్టుకున్నారు. నేను నోరు మెదపకుండా లేచాను. నా వెనకే ఆయనా లేచారు. బాత్రూంలోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంటే నాకు ఇంటర్లో ఫస్ట్ క్లాస్ వచ్చినప్పటి కంటే సంబరమైంది. షాపులో ఉన్న మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అన్నిరోజులూ అలా సాగలేదు. కొన్నిసార్లు వేలు పట్టుకునేసరికే ఆలస్యమైపోయేది. అందుకని కాఫీ తాగాక, భోజనం అయ్యాక నేనే చెయ్యి చాపేదాన్ని. బాత్రూం తలుపు తీసి, లైటు వేసి ఉంచేదాన్ని. పంచెతో తంటా లేకుండా ఎలాస్టిక్ పైజమాలు కుట్టించాం. తుడవడం తగ్గింది. అరవడం అంతకంటే తగ్గింది.

"తీసుకెళ్దాం. పరువు పోతే నాదే పోనివ్వండి" అన్నాను మా ఆయనతో. సంచిలో రెండు జతల బట్టలు సర్దుకున్నాను. మైలవరంలో కారు దిగి ముందు బాత్రూం ఎక్కడో చూసుకున్నాను, ఇల్లు తర్వాత చూశాను. పాలు పొంగాయి. మామగారు కళ్ళారా చూశారు. తర్వాత వ్రతం మొదలైంది. మగవాళ్ళ వరసలో, ఆయన పక్క కుర్చీలో, పట్టుచీర కట్టుకుని నేనొక్కదాన్నే. వెనక ఎవరో గుసగుసలాడారు. ఆడుకోనీ అనుకున్నాను. వ్రతకథ మధ్యలో తువ్వాలు చేతి మీదికి వచ్చింది. నా వేలు ఆయనకి దొరికింది. లేచి వెళ్ళాం, పొడిబట్టలతోనే తిరిగొచ్చి కూర్చున్నాం.

కూర్చోగానే మళ్ళీ తువ్వాలు కప్పారు. మళ్ళీనా అని లేవబోయాను. ఈసారి వేలు పట్టుకోలేదు. అరచేయి మొత్తం పట్టుకుని గట్టిగా ఒక్క నొక్కు నొక్కి వదిలేశారు.

తర్వాత ప్రసాదం పంచినప్పుడు కూడా అలాగే నొక్కారు. అప్పుడు మా ఆడపడుచు ఎదురుగానే ఉంది. "ఏంటి నాన్నా, వదినతో ఏం బేరం?" అని నవ్వింది.

"బేరం బయటికి చెప్పకూడదమ్మా" అన్నారాయన.

నేనూ చెప్పలేదు.