సరిహద్దు దాటని నిద్ర

మా సిద్దిపేట బడిలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పిన రాఘవయ్య పంతులుగారు పరమపదించారు. వార్త చెవిని పడేసరికి నేను బజారులో బెల్లం బేరమాడుతున్నాను. బేరమూ బెల్లమూ అక్కడే వదిలి ఆయన ఇంటికి పరుగెత్తాను. అగ్రగణ్యులైన శిష్యులు ఆయనకెందరో ఉన్నారు. నేను వట్టి అగణ్యుణ్ణి. అయినా కన్నీటికి తరగతి భేదం లేదు.

ఆయన ధర్మపత్ని సుభద్రమ్మగారు ఇంగ్లీషువారి ఏలుబడిలోని బందరు వైపు మనిషి. నిజాం రాజ్యంలో ఆమెకు నా అన్నవారు లేరు, సంతానమూ లేదు. ఆధారమంతా పంతులుగారికి సర్కారు ఇచ్చే వజీఫా, అంటే పింఛను. ఆయన తదనంతరం సర్కారు దయతలచి ఆమెకు కొంత ఇవ్వవచ్చు. కాని ఆమె ఈ రాజ్యంలోనే ఉండాలి, విచారణకు వచ్చే అధికారికి ఇంట్లో కనబడాలి అంటారు. ఎవరికీ వెరవని ఆ మహనీయుణ్ణి వెరపించినది ఇదొక్కటే.

వజీఫా కోసం ఖజానాకు పోయినప్పుడల్లా భార్యను వెంట తీసుకువెళ్ళేవారు. ఊరు నవ్వింది. ఒకనాడు గుమాస్తా, "ఏంది పంతులూ, పైసలు మొయ్యనీకి అమ్మను తోలుకొచ్చిన్రా?" అన్నాడు.

"నా పైసలకు గంత బరువేడిది నాయినా? రేపు నేను లేనినాడు గీమె ఎవరో ఎరుకలేదంటవేమోనని. గీ మొఖం జర యాదుంచుకో" అన్నారాయన. అక్కడ మరెవ్వరూ నవ్వలేదు.

చివరి జ్వరం ముదిరాక నన్ను పిలిపించారు. "మా బావమరిది వస్తడు. చెల్లెను నిద్రకు తీస్కపోతనంటడు. పోనియ్యకు. నిద్రకని హద్దు దాటితే మల్ల బతుకంత నిద్రుండదు."

భర్త పోయిన ఇల్లాలిని పుట్టింటివారు తీసుకుపోయి ఒక రాత్రి తమ ఇంట నిద్ర చేయించడం మన ఆచారం. కర్మకాండ ముగియగానే అన్నగారు పుట్టింటి చీరతో, కట్టిన బండితో సిద్ధమయ్యారు.

"నిద్ర చేయకపోతే లోకం ఏమంటుందమ్మా? మళ్ళీ నేనే దిగబెడతాగా!"

"ఈలోగా ఆ అధికారి వచ్చి తాళం చూసి పోతే? కట్టుబట్టలతో నీ గుమ్మంలో కూచుంటాను. పోషిస్తావా అన్నయ్యా?"

అన్నగారిదీ బరువైన సంసారమే. ఎప్పటిలాగే నాకేమీ తోచలేదు. ఎదురింట మగ్గం నేసే రాజవ్వకు తోచింది.

"ఏడ్వకు బిడ్డా. నా ఇల్లే నీ తల్లిగారిల్లనుకో. గీడనే నిద్ర చెయ్యి. అన్నా, చీర పెట్టేది నువ్వే, పండవెట్టేది నేను. ఎవడొచ్చి కాదంటడో సూస్త!"

కులం మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. అన్నగారు రాజవ్వ గడపలోనే చెల్లెలికి చీర పెట్టి, ఒంటరిగా బండెక్కారు.

అధికారి ఇంకా రాలేదు. ఎప్పుడొస్తాడో, ఏమడుగుతాడో, ఏమని రాసుకుపోతాడో తెలియదు. సుభద్రమ్మగారు స్నానానికి పోవాలన్నా వాకిట రాజవ్వను కాపలా ఉంచుతున్నారు. వీధిలో గుర్రం డెక్కల చప్పుడైతే చాలు, తడిచేతులతోనే వచ్చి కనబడేటట్లు నిలబడుతున్నారు. మా గుండెలూ ఆమెతోపాటే లేచి నిలబడుతున్నాయి.

గురుదేవా, ఈ ఊరికి లెక్కలు చెప్పడానికి మరొకరు వస్తారు. తాను లేని రేపటికోసం ఇంతగా తల్లడిల్లే మనిషి మరి రాడు. మీ పాదాలకు ఈ అగణ్యుని ప్రణామం. అమ్మగారు ఇప్పుడు కూడా మీ గడపలోనే ఉన్నారు.