జ్ఞానమ్మ గారి గోంగూర విత్తనాలు

2008 అక్టోబర్‌లో ఒక మంగళవారం నాడు, ఆరిజోనాలో రెండువేల ఏళ్ళ కిందటే ఆవాలు పండించారని తేలింది. ఆ సంగతి సుమారు నలభై నిమిషాలపాటు నిజంగానే ఉంది.

తవ్వకాల్లో బయటపడిన పాత పొయ్యిల మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన బొగ్గునలుసుల్ని ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద గింజలు ఏరే ల్యాబ్ అది. నల్లగా మాడిన గుండ్రటి గింజ ఒకటి దొరికింది. ప్రొఫెసరమ్మ కుర్చీలోంచి లేచింది. స్టూడెంట్లు ఫొటోలు తీశారు. మూడో బల్ల దగ్గర కూర్చున్న జ్ఞానమ్మ గారు దాన్ని పరీక్షగా చూసి, అది తాను ఇందాక తిన్న పులిహోర పోపులోదనీ, స్వెట్టర్ అంచుకి అంటుకుని వచ్చి ఉంటుందనీ మర్యాదగా మనవి చేసుకున్నారు.

 ఆ గురువారం నుంచి ఆవిడ కార్‌లోనే తలుపులేసుకుని అన్నం తిని, స్వెట్టర్ దులుపుకుని లోపలికి వెళ్ళేవారు.

జ్ఞానమ్మ గారిది బాపట్ల. డెబ్భై ఆరులో అమెరికా వచ్చి, ముప్ఫై ఏళ్ళు హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తకణాలు లెక్కపెట్టారు. భర్త ఏసుపాదం గారు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆరిజోనాలోని చాండ్లర్‌లో ఇల్లు కొన్న కొన్నేళ్ళకే ఆయన గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. రిటైరయ్యాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు కూడా వినిపించడం మొదలయ్యేసరికి, మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టే చోటు ఎక్కడైనా ఉందా అని వెతికి, జీతం లేని ఈ పని పట్టుకున్నారు. మంగళ, గురువారాలు అలా గడిచేవి. ఆదివారం తెలుగు చర్చి ఉండనే ఉంది.

అసలైన రోజు శనివారం. ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి ఇంటి ముందు కార్లు ఆగేవి. చర్చివాళ్ళంతా జ్ఞానమ్మ గారి మీద ప్రేమకొద్దీ వచ్చేవారని చెప్పాలని ఉంది గాని, వాళ్ళొచ్చేది గోంగూర కోసం. పెరట్లో నాలుగు మడులు, నడుమెత్తు మొక్కలు. కోసుకున్నంతసేపూ కబుర్లు. కోశాక టీ. ఈ గోంగూరకి వీసా ఎవరు స్పాన్సర్ చేశారాంటీ అని ఒకరంటే, గ్రీన్‌కార్డే వచ్చేసిందిరా అని ఆవిడ అనేవారు. వారం వారం అదే జోకు. వారం వారం ఆవిడ నవ్వేవారు.

ఆ నవంబర్‌లో ఫెబీ ఒక మాట అంది. ఫెబీ, ఇమ్మాన్యుయేల్ కొత్తగా కాపురం పెట్టిన జంట. ఇద్దరికీ ఆఫీసులే.

"ఆంటీ, కాసిని విత్తనాలిస్తే మా బ్యాక్‌యార్డ్‌లోనే వేసుకుంటాం. ప్రతి వీక్ మిమ్మల్ని డిస్టర్బ్ చేయడం ఎందుకు?"

జ్ఞానమ్మ గారు కాయలింకా ఎండలేదమ్మా అన్నారు. మళ్ళీ వారం అడిగితే పిట్టలు తినేశాయన్నారు. గోంగూర కాయ నిండా ముళ్ళలాంటి నూగు ఉంటుంది, దాని జోలికి ఏ పిట్టా పోదు. ఫెబీ అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్ల కాబట్టి నమ్మింది. విత్తనాల సీసా మాత్రం వంటింటి సింక్ కింద, సబ్బుల వెనక భద్రంగా ఉంది. అరవై దాటిన మనిషి, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, అలా దాచుకున్నారు.

డిసెంబర్‌లో ల్యాబ్‌లో మాటల మధ్య ప్రొఫెసరమ్మ మొక్కజొన్న సంగతి ఎత్తింది. అది మెక్సికోలో పుట్టి, నాలుగువేల ఏళ్ళ కిందట ఈ ఎడారికి వచ్చింది. ఎలా వచ్చిందన్నదే తగువు. సాగు తెలిసినవాళ్ళే పిల్లాపాపలతో నడిచొచ్చి ఇక్కడ పండించారని కొందరంటారు. అంతమంది కదల్లేదు, వేటాడుకునేవాళ్ళే పొరుగువాళ్ళని గింజలడిగి, చూసి నేర్చుకుని వేసుకున్నారు, అలా చేయి చేయి మారుతూ వచ్చిందని ఇంకొందరు. రెండూ జరిగే ఉంటాయని ప్రొఫెసరమ్మ నమ్మకం. మీ గోంగూర కూడా మొదట ఆఫ్రికా నుంచి వచ్చిందే అయ్యుంటుందని కూడా అంది. జ్ఞానమ్మ గారు దానికి తర్వాత రెండ్రోజులు నొచ్చుకున్నారు గాని, అప్పటికి ఒకటే అడిగారు. గింజలిచ్చినవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారని.

దానికి మట్టిలో ఆనవాలు దొరకదని ప్రొఫెసరమ్మ నవ్వింది.

ఇంటికి డ్రైవ్ చేస్తుంటే రాజేశ్వరమ్మ గారు గుర్తొచ్చారు. తొంభై నాలుగులో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పక్క కుర్చీలో పరిచయమైన పెద్దావిడ. తన ఇంటికి తీసుకెళ్ళి, గుప్పెడు గోంగూర విత్తనాలు కాగితంలో పొట్లం కట్టిచ్చి, మొలిచాయో లేదో ఫోన్ చేసి చెప్పమ్మా అన్నారు. మొలిచాయి. పద్నాలుగేళ్ళు కూర వండుకుని, పచ్చడి నూరుకుని, ఊరందరికీ పంచి, జ్ఞానమ్మ గారు ఆ ఫోను మాత్రం చేయలేదు. ఆ సాయంత్రం పాత డైరీలన్నీ తిరగేసి నంబర్ పట్టుకుని చేశారు. ఆ నంబర్ ఇప్పుడు లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఆవిడ పూర్తిగా విని, థాంక్యూ చెప్పి పెట్టేశారు.

ఆ ఆదివారం సీసా చర్చికి తీసుకెళ్ళి, పదకొండు కుటుంబాలకి పదకొండు కవర్లు పంచారు. పిట్టలు తిన్నాయన్నారుగా అని ఫెబీ అడిగితే, అన్నీ తినలేదులే అన్నారు.

మార్చిలో అందరూ విత్తుకున్నారు. మే నెల వచ్చింది. జ్ఞానమ్మ గారి మడుల్లో గోంగూర ఎప్పటిలాగే ఏపుగా లేచింది. శనివారం పాలు కాచి పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ రాలేదు. రెండో శనివారం కూడా రాకపోయేసరికి, కాలింగ్‌బెల్ పాడైందేమోనని కొత్త బ్యాటరీ వేసి, బయటికెళ్ళి తానే నొక్కి చూసుకున్నారు. బాగానే మోగింది. మూడో శనివారం ఒక్కరే కూర్చుని రెండు గంపల ఆకు కోసి, ఎవరికీ ఇవ్వడానికి లేక, అంతా పచ్చడి పెట్టేశారు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం బెల్ మోగింది. గుమ్మంలో ఫెబీ, వెనక కుండీ మోసుకుంటూ ఇమ్మాన్యుయేల్. కుండీలో జానెడు మొక్కలు మూడు, పసుపుపచ్చగా. జ్ఞానమ్మ గారు వేలు పెట్టి మట్టి నొక్కి చూసి, నీళ్ళు ఎప్పుడు పోస్తున్నారని అడిగారు. లంచ్‌కి ఇంటికొచ్చినప్పుడు హోస్‌తో పడుతున్నానని ఇమ్మాన్యుయేల్ గర్వంగా చెప్పాడు. చాండ్లర్ ఎండలో మిట్టమధ్యాహ్నం హోస్‌లోంచి వచ్చే నీళ్ళతో కాఫీ కలుపుకోవచ్చు. ఆకు ఎప్పటి నుంచి కోస్తున్నారంటే, నాలుగు ఆకులు రాగానే అన్నారిద్దరూ.

ఫెబీ మూతి ముడుచుకుంది.

"మా ఒక్కళ్ళదే కాదాంటీ, నెలంతా వెయిట్ చేసినా చర్చిలో ఎవరింట్లోనూ సరిగ్గా రాలేదు. మీరిచ్చిన సీడ్స్‌లోనే ఏదో ప్రాబ్లం ఉంది."

జ్ఞానమ్మ గారు కుండీ అందుకుని నీడలో పెట్టారు.

"విత్తనాలొక్కటే తీసుకెళ్తే ఎట్లా వస్తయ్యమ్మా, నన్ను కూడా కారెక్కించుకోవాల్సింది."