మణికట్టు గురించి చెప్పిన అబద్ధం

ఒక్క మాట. అది నోట్లోంచి బయటికొచ్చేదానికి రెప్పపాటు కూడా పట్టలేదు. మోసేదానికి మాత్రం నా వయసంతా పట్టింది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే మీ మొహం చూస్తా చూస్తానే మాట మార్చేస్తాను. నాకా గుణం ఉంది. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

మాది చింతామణి. మా నాయన బజారు వీధిలో కొట్టు పెట్టుకున్న శెట్టి. ఆడపిల్లకు ఇంత చదువెందుకని చుట్టాలందరూ అన్నా వినకుండా నన్ను బెంగళూరు పంపి ఫిజిక్సు చదివించినాడు. అరవైల మొదట్లో చదువు ముగించుకొని వచ్చి మా ఊళ్ళోనే హైస్కూల్లో టీచరుగా చేరినాను. బెంగళూరులో నాకు పాఠం చెప్పిన మేష్ట్రు అప్పటికే రిటైరై చిక్కబళ్ళాపురంలో ఉంటున్నారు. ఊరి బయట ఇల్లు, ఇంటి వెనక ద్రాక్ష తోట, తోట వెనక పెద్ద బీడు. ఆయనకు గోల్ఫంటే ప్రాణం. కండ్లకు పొర కమ్మి ఆడలేకపోయేసరికి ఆ ఇష్టం ఇంకో దారి పట్టింది. బంతిని కొట్టే స్టిక్కు తిప్పడంలో ఉండే శాస్త్రమేమిటో తేల్చాలన్నారు. ఎందుకు ఒకరు కొడితే బంతి అంత దూరం పోతుంది, అంతే బలమున్న ఇంకొకరు కొడితే పోదు? "నా కండ్లు పని చెయ్యవు. నువ్వు రామ్మా," అని నన్ను పిలిచినారు. ఆదివారమొస్తే శిడ్లఘట్ట మీదుగా బస్సులో పోయేదాన్ని.

అక్కడ చూసినాను నంజుండరెడ్డిని.

బాగేపల్లి పక్క గూళూరు వాళ్ళది. భూములున్న ఇల్లు. చదువుకోమని బెంగళూరు పంపితే, బస చేసిన చుట్టాలింటి పక్కనే గోల్ఫ్ మైదానం ఉండిందట. గోడ మీద కూర్చొని చూసి చూసి, ఆఖరికి గోడ దిగినాడు. చదువు అక్కడితో నిలిచిపోయింది. ఆట మాత్రం పట్టుబడింది. నేను చూసేనాటికి, ఆటనే బతుకు చేసుకొని పోటీలకు పోయేవాళ్ళలో అతనొకడు. ఆ మైదానంలోనే పరిచయమైన మేష్ట్రు కోసం ఆదివారాలు చిక్కబళ్ళాపురం వచ్చేవాడు. "మా ఊళ్ళో ఏం చేస్తాండావని అడుగుతారు మిస్సూ. కట్టెతో బంతిని కొడతాండానని ఎట్ల చెప్పేది?" అని నవ్వేవాడు.

ఆ నవ్వు గురించి రాయాలని కూర్చుంటే చెయ్యి ఆగిపోతుంది. రాయను.

పని గురించి రాస్తాను. మేష్ట్రు ఇంటి పక్కన పట్టుపురుగుల్ని పెంచే ఎత్తైన షెడ్డొకటి ఖాళీగా పడుంది. దాన్ని చీకటి చేసి, నల్లగుడ్డ కట్టి, బంతి తగిలేదానికి ఎదురుగా కంబళ్ళు వేలాడదీసినాము. కెమెరా ముందర చీలికలున్న చక్రం ఒకటి మోటారుతో తిరిగేది, చీలిక ఎదురైనప్పుడల్లా ఒక బొమ్మ పడేది. స్టిక్కుకూ అతని చేతులకూ తెల్లరంగు పట్టీలు. ఒక్క దెబ్బ కొడితే ఒక్క ఫోటోలోనే స్టిక్కు ఎన్నో చోట్ల పడేది, విచ్చుకున్న విసనకర్ర లాగా. ఆ గీతల మధ్య దూరాలు కొలిచి ఎక్కడ ఎంత వేగముందో లెక్క కట్టేది నా పని.

బీడులో అతను నిజంగా కొట్టేటప్పుడు కొలవాల్సింది ఏమీ ఉండదు గదా. అప్పుడు ఊరికే చూసేదాన్ని. భుజాలు తిరిగేవి, చేతులు దిగేవి, బంతి ఎగిరిపోయేది. అది కంటికి కనబడకుండా పోయినాక కూడా అతను కదలకుండా, మొహం ఆకాశం వైపెత్తి నిలబడేవాడు. అందరూ బంతిని చూసేవాళ్ళు. నేను బంతిని చూసిందే లేదు.

అతనికి నా మీద ఏమన్నా ఉండిందా? తెలీదు. గూళూరు నుంచి పచ్చి వేరుశనక్కాయలు తువ్వాల్లో కట్టి తెచ్చేవాడు. నా బస్సు కదిలేదాకా స్టాండులో నిలబడేవాడు. మర్యాదగల మనిషి ఎవరైనా అంతమాత్రం చేస్తాడు. వాళ్ళు రెడ్లు, మేము శెట్లు. ఆ కాలంలో నోరు తెరిచి అడిగే మాటేనా అది? నేను అడగలేదు. ఆదివారాలుంటే చాలనుకున్నాను. సోమవారం నుంచి ఆదివారం కోసం బతికేదాన్ని.

లెక్క తేలింది. చేతులు ఒక కట్టె, స్టిక్కు ఇంకో కట్టె, మధ్యలో మణికట్టు కీలు. చేతులు కిందికి దిగేటప్పుడు మణికట్టును వంచి పట్టి ఉంచాలి. బంతి దగ్గరికొచ్చేసరికి చేతుల వేగం తగ్గి, అదంతా స్టిక్కు కొసకు చేరుతుంది. ఎద్దుల్ని తోలే చెర్నకోల అంతే గదా, పిడి ఆగితేనే కొస ఛెళ్ళుమంటుంది. నంజుండరెడ్డి మణికట్టును రవ్వంత ముందే తెరిచేస్తున్నాడు. ఇంకొంచెం పట్టి ఉంచితే అతనికి ఎదురుండదు. ఫోటోలు ఆ మాటే చెప్పినాయి. నేను సంతోషంతో గంతులేసినాను. అతనికి చెప్పే మాట నా దగ్గరుంది!

ఆ ఆదివారమే అతనూ ఒక మాట మోసుకొచ్చినాడు. బెంగళూరులో జరగబోయే పెద్ద పోటీలో బాగా ఆడితే, కలకత్తాలో ఒక క్లబ్బు వాళ్ళు ఆట నేర్పే పనిలో పెట్టుకుంటామన్నారట. ఇల్లు ఇస్తారట. ఇంక ఊళ్ళో తలెత్తుకొని చెప్పుకోవచ్చునని మురిసిపోతున్నాడు. లెక్క తేలిందని మాత్రమే మేష్ట్రుకు చెప్పి ఉన్నాను; ఆయన అతని వీపు తట్టి లోపలికి పోయినారు. ద్రాక్ష పందిరి కింద మేమిద్దరమే మిగిలినాము.

"లెక్క తేలిందంట గదా మిస్సూ. ఏం చెప్తాది?"

"మణికట్టు..." అన్నాను.

"తొందరగా తెరవల్లా, ఆలస్యంగానా?"

అంత సూటిగా అడుగుతాడనుకోలేదు. తప్పించుకునే సందు లేదు. కలకత్తా ఎంత దూరమో నాకు తెలుసు.

"తొందరగా," అన్నాను. "ఇప్పటికంటే ముందే."

అతను ఉత్తచేతులతోనే ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "నాకేమో ఇంకా పట్టి ఉంచల్లనిపిస్తా ఉండాది."

"అనిపించేది వేరు, లెక్క వేరు."

"అయితే సరి. మీరు చెప్తే అదే," అన్నాడు. నవ్వినాడు.

ఆ క్షణాన ఏమనుకున్నాను? ఎన్నిసార్లు తవ్వుకున్నానో. అతన్ని చెడగొట్టాలనుకోలేదు, ఇది మాత్రం నిజం. ఒక్క ఏడాది ఆపితే చాలుననుకున్నాను. ఈసారికి ఓడిపోతాడు, ఆదివారాలు మిగులుతాయి, తర్వాత లెక్కలో పొరపాటు జరిగిందని చెప్పి సరిదిద్దుతాను, అప్పటికి మా మధ్య ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది అనుకున్నాను. అనుకున్నానా, లేక ఇవన్నీ తర్వాత నన్ను నేను ఊరడించుకునేదానికి అల్లుకున్న మాటలా? ఇప్పుడు విడదీసి చూడలేకపోతున్నాను.

అతను రోజూ అభ్యాసం చేసినాడు. అరచేతులు పొక్కులెక్కి, గుడ్డ చుట్టుకొని కూడా చేసినాడు. బంతి ఎడమకు ఒరిగిపోతుంటే కొత్త అలవాటు గదా, కుదురుకుంటుందన్నాడు. నేను తలాడించినాను. ఆపేదానికి నాకు ఎన్ని ఆదివారాలు దొరికినాయి! ప్రతి ఆదివారం బస్సులో పోతా ఈరోజు చెప్పేస్తాననుకునేదాన్ని. అతన్ని చూడగానే ఇంకొక్క ఆదివారం కావాలనిపించేది.

పోటీలో బంతులు చెట్లలోకి పోయినాయి. మొదటి రోజే బయటికొచ్చేసినాడు. పాత పద్ధతికి తిరిగి పోదామని చూస్తే అదీ రాలేదు. ఒకసారి మరిచిపోయిన దాన్ని ఒళ్ళు మళ్ళీ తెచ్చుకోలేకపోయింది. నేను లెక్కలోకి తీసుకోనిది అదే. ఆట మానేసి ఊరికి పోయే ముందు ఒక్కసారి వచ్చి మేష్ట్రు కాళ్ళకు మొక్కి పోయినాడు. అది ఆదివారం కాదు. నేను లేను.

"లెక్క సరిగ్గానే చూసినావా అమ్మా?" అని మేష్ట్రు ఒకే ఒక్కసారి అడిగినారు. చూసినానని చెప్పినాను. అది అబద్ధం కాదు. ఎంత నీచంగా నిజం చెప్పవచ్చునో ఆరోజు తెలిసింది. ఆయన పోయేదాకా మళ్ళీ ఆ మాటెత్తలేదు. నేను మాత్రం చానాళ్ళు ఆదివారాలు పోతానే ఉన్నాను. బీడు వైపు తిరిగి కూర్చునేదాన్ని. గడ్డి పెరిగింది. ఏనాడూ ఎవరూ రాలేదు.

కొన్నేండ్లకు పరీక్షల పని మీద బాగేపల్లి పోయినప్పుడు బస్టాండులో కనబడినాడు. విత్తనం వేరుశనగ మూట, పక్కన భార్య. ఎండకు నల్లబడినాడు. నన్ను చూసి మూట దించి, చేతులు జోడించినాడు. భార్యతో, "నాకు ఆట నేర్పాలని చానా కష్టపడిన మిస్సు," అన్నాడు. నా వైపు తిరిగి, "మీరు అంత చక్కగా లెక్క తీసిస్తే నా చెయ్యి అందుకోలేకపోయె. మీ కష్టమంతా నీళ్ళపాలు చేస్తిని. మన్నించండమ్మా," అన్నాడు.

మన్నించమని అడిగినాడు. నన్ను.

నోరు తెరిచినాను. గూళూరు బస్సొచ్చింది. జనం తోసుకున్నారు. అతను మూటెత్తి భార్యను ఎక్కించి, తానూ ఎక్కినాడు. నేను గట్టిగా పిలిచి ఉంటే దిగేవాడే. పిలవలేదు. బస్సు పోయినాక కూడా అతను నిలబడిన చోటునే చూస్తా ఉండిపోయినాను. అంత సిగ్గులోనూ, అంత భయంలోనూ, అతను ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే బాగుండుననే అనిపించింది. నన్ను నేను అసహ్యించుకున్నది అప్పుడే.

తర్వాత నాకూ పెండ్లయింది. మంచి మనిషి. పిల్లలు, వాళ్ళ పిల్లలు. ఎవరికీ చెప్పలేదు.

నంజుండరెడ్డి ఉన్నాడు. గూళూరులోనే. మనవళ్ళున్నారని, చెవులు సరిగా వినబడవని ఆ పక్క నుంచి వచ్చేవాళ్ళు చెప్తారు. పోయి చెప్పవచ్చు గదా అంటారు మీరు. తన చెయ్యిదే తప్పని నమ్మి, దాంతో ఎట్లో సర్దుకొని ఇన్నేండ్లు బతికిన మనిషి దగ్గర ఇప్పుడు ఆ నమ్మకాన్ని లాక్కోవడం న్యాయమా అని నన్ను నేను అడుగుతాను. వెంటనే ఇంకోటి కూడా అడుగుతాను: ఇది అతని మీద జాలా, లేక ఆ కండ్లలో నా మీద ఉండే గౌరవం పోతుందనే భయమా? జవాబు తెలుసు. తెలిసీ బస్సెక్కను. ఎక్కుతానని మీకు మాటివ్వను కూడా.

అతనికి చెప్పాల్సింది మీకు చెప్తున్నాను. దీంతో ఏదీ తీరదు. అయినా ఒక్కసారైనా, ఎక్కడైనా, సొంత అక్షరాలతో రాసి చూసుకోవాలనుంది. నంజుండప్పా, నీ చెయ్యి తప్పు చెయ్యలేదు. లెక్క తప్పు కాలేదు. నువ్వు దూరం పోకూడదని నేను అబద్ధం చెప్పినాను.